కౌంటరు మీద కొబ్బరి ఈనెలు

కొత్తగా లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరుతున్నవాళ్ళు సలహా అడిగితే, బూజుకర్ర ఎక్కడుందో ముందు కనుక్కోమంటాను. నవ్వి ఊరుకుంటారు. తర్వాత వర్గీకరణ గురించో కంప్యూటర్ల గురించో అడుగుతారు. అవన్నీ మీరు చదువుకునే వచ్చారు కదా, నా దగ్గర కొత్తగా ఏముంటుంది అంటాను. బూజుకర్ర సంగతి మాత్రం ఏ కోర్సులోనూ చెప్పరు. మొదటి రోజే నాలుగు మూలలూ మన చేత్తో దులుపుకుంటే ఎక్కడ వాన కారుతుందో, ఏ బీరువా వెనక చెద పుట్ట పెడుతుందో, ఏ పుస్తకాన్ని ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదో తెలిసిపోతుంది.

ప్రమోషన్ల గురించి, సర్వీసు గొడవల గురించి ఇక్కడ రాయబోవడం లేదు. అవి అందరికీ ఒకేలా ఉంటాయి. ఈ పని నిజంగా ఏమిటో నాకు తెలియజెప్పిన ఒక మిరప కోతల కాలం గురించి రాస్తాను. అప్పట్లో మా కాలేజీకి కొత్త లైబ్రరీ వచ్చింది. ఎనభైల నాటి మాట.

వసారాలో చదువు

నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న పర్చూరు దగ్గర పొగాకు కాల్చి ఆరబెట్టే బేరన్లలో నిప్పు చూసే పని చేసేవాడు. పదో తరగతితో నా చదువు ఆగింది. మా ఊరి గ్రంథాలయం ఒక పెంకుటింటి వసారా. అందులో ఏముంటే అది చదివాను. నక్షత్రాల గురించి, పశువుల రోగాల గురించి, చూడబోని దేశాల చరిత్రల గురించి చదివాను. తేనెటీగల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది, దాన్ని రెండుసార్లు చదివాను. నేను ఒక్క తేనెపట్టు కూడా పెంచలేదు గాని, రాణి ఈగ గురించి ఇప్పటికీ ఒక గంట మాట్లాడగలను. మా ఆవిడ ఆ గంట చాలాసార్లు విన్నది.

తర్వాత కాలేజీలో లైబ్రరీ అటెండరుగా చేరాను. ప్రైవేటుగా పరీక్షలు రాసుకుంటూ లైబ్రేరియన్నయ్యాను. నా డిగ్రీ కాగితం ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉంది. ఆ వసారా గురించి మాత్రం ఎవరు అడిగినా, అడక్కపోయినా చెబుతాను.

కొత్త హాలు

మా పాత లైబ్రరీ స్టాఫ్ రూము పక్కన ఒక ఇరుకు గది. విద్యార్థి కిటికీ దగ్గర నిలబడి చీటీ ఇస్తే, నేను బీరువా తాళం తీసి పుస్తకం అందించేవాణ్ణి. సినిమా టిక్కెట్ల కిటికీ లాగే ఉండేది, క్యూ మాత్రం ఉండేది కాదు.

ప్రిన్సిపాల్ గారు ఫిజిక్స్ మనిషి. గట్టి గొంతు. పత్తి వ్యాపారులను, పొగాకు రైతులను ఇల్లిల్లూ తిరిగి విరాళాలు అడిగి కొత్త హాలు కట్టించారు. వరసగా పెద్ద కిటికీలు, పొడుగాటి బల్లలు, ట్యూబులైట్లు. అన్నిటికంటే గొప్ప సంగతి, పుస్తకాలకు తాళాలు లేవు. ఎవరికి కావలసింది వాళ్ళు అరలోంచి తీసుకుని చూసుకోవచ్చు. అలా ఉండాలని పట్టుబట్టింది నేనే. ఒప్పుకున్నది ఆయనే. పై మేడలో ఆర్ట్స్ తరగతులకు కొత్త గదులు కూడా వచ్చాయి.

తెరిచిన రోజున అందరికంటే ముందు లోపలికి వచ్చిన అమ్మాయి పేరు సువార్త. బి.ఏ. రెండో సంవత్సరం. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది.

"చెప్పులు వేసుకునే రావచ్చమ్మా" అన్నాను.

"గచ్చు కొత్తది కదండీ" అని, అరల మధ్య నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "సార్, ఇందులో ఏదైనా తీసుకోవచ్చా? ఎవర్నీ అడక్కుండా?"

"అడక్కుండా తీసి చూసుకో. ఇంటికి పట్టుకెళ్ళేటప్పుడు మాత్రం నాకు చెప్పాలి."

"తీసింది నచ్చకపోతే?"

"ఇంకోటి తీసుకో."

ఆ మాటకు ఆమె నవ్విన నవ్వు నాకు బాగా తెలుసు. మా ఊరి వసారాలో మొదటిసారి కూర్చున్న రోజు నేనూ అలాగే నవ్వి ఉంటాను.

ఆ రోజు నుంచి ఆమెకు అదే వ్యసనం. పై మేడలో ఎకనామిక్స్ క్లాసు అయిందంటే మెట్లు దిగి నేరుగా నా దగ్గరకు. మాస్టారు చెప్పింది పుస్తకంలో ఉందా లేదా చూసేది. లేకపోతే మళ్ళీ మెట్లెక్కి ఆయన్ను అడిగేది. ఎకనామిక్స్ మాస్టారు ఒకరోజు నాతో, "ఏమయ్యా, ఆ పిల్లకు నువ్వు పుస్తకాలు ఇస్తున్నావా, నా మీదకు ఉసిగొల్పుతున్నావా?" అన్నారు. సంతోషంగానే అన్నారు. అంతకుముందు ఆయన తరగతిలో ఎవరూ ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

తోటి అమ్మాయిలు, "ఏమే, ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ లైబ్రరీకి. పెళ్ళికి ఎప్పుడు తీరుద్దే నీకు?" అని ఆటపట్టించేవాళ్ళు. సువార్త తల ఎత్తకుండానే, "ఆదివారం కూడా తెరవమని సార్‌ని అడుగుదామనుకుంటున్నానే" అనేది.

తెలుగు మాస్టారి కన్నీళ్ళు

ఫిబ్రవరి వచ్చేసరికి మా కాలేజీలో తరగతులు పలచబడతాయి. మిరప పండుతుంది. కూలి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు తల్లులతోపాటు కోతకు వెళతారు. పండిన కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, తాలు కాయలు ఏరే దాకా ఇంటిల్లిపాదికీ అదే పని. సువార్తకు తండ్రి లేడు. తల్లితో కలిసి పెద్దమ్మ మరియమ్మ ముఠాలో కోతకు వెళ్ళేది. వెళ్ళకపోతే మరుసటి ఏడాదికి కాలేజీ లేదని తల్లి ముందే చెప్పింది. చదవకపోతే మార్చి పరీక్ష తప్పుతుంది. అందుకని పగలు కోతకు వెళుతూ, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి తెల్లవారుజామున చదువుకునేది.

మా తెలుగు మాస్టారిది పాతకాలపు పద్ధతి. ఏ పుస్తకమైనా తెరిచే ముందు రెండు కళ్ళకూ అద్దుకుంటారు. మనలో చాలామందికి ఆ అలవాటు ఉంది. పొరపాటున కాలు తగిలినా అద్దుకుంటాం. ఆ రోజు ఆయన నా దగ్గర ఒక కావ్యం తీసుకుని తరగతికి వెళ్ళారు. ముందురోజే సువార్త తిరిగి ఇచ్చిన పుస్తకం అది. విద్యార్థుల ముందు నిలబడి, అలవాటు ప్రకారం కళ్ళకద్దుకుని, పద్యం అందుకున్నారు.

రెండో పాదం దాటేసరికి ఆయన కళ్ళ వెంట ధారగా నీళ్ళు. గొంతు పూడిపోయింది. పంచె అంచుతో తుడుచుకున్నకొద్దీ ఎక్కువైంది. అది శోక ఘట్టం కావడంతో తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. ముందు బెంచీ అమ్మాయిలిద్దరు తామూ కళ్ళు తుడుచుకున్నారట. కాలేజీలో ఆ తెలుగు తరగతి గురించి చాలా రోజులు చెప్పుకున్నారు. మరుసటి ఏడాది స్పెషల్ తెలుగు తీసుకుంటామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన మాత్రం గోడ పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కుండలో చల్లటి నీళ్ళు ఇచ్చి ముఖం కడిగించాను. "ఏం పుస్తకమయ్యా ఇది" అన్నారు మూలుగుతూ. "కవి ఇంత ఘాటుగా రాశాడని నాకు తెలియదు."

అట్ట మీద వేలు రాసి నా కంటికి తాకించుకున్నాను. నిప్పు పెట్టినట్లయింది. కోతకు వెళ్ళిన చేతులను ఎంత కడిగినా ఆ కారం ఒక పట్టాన పోదు. పేజీలకు అంటుకుని వస్తుంది.

ఉత్తర్వు

సంగతి ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్ళింది. మర్నాడే నోటీసు బోర్డు మీద ఉత్తర్వు. మిరప కోతలు అయ్యేదాకా, కోతకు వెళ్ళే విద్యార్థులకు పుస్తకాలు ఇంటికి ఇవ్వకూడదు.

నేను ఆయన గదికి వెళ్ళాను. "సార్, పొద్దున్నే కోతకు పోయి పొద్దుగూకి వచ్చేవాళ్ళు ఇక్కడ కూర్చుని ఎప్పుడు చదువుకుంటారు?"

"రేపు ఇంకో మాస్టారి కళ్ళు పోతే ఎవరిదయ్యా బాధ్యత? నీదా, నాదా?"

"చేతులు బాగా కడుక్కోమని చెబుదాం."

"చెప్పు. చెప్పి చూడు. ఆ కారం సబ్బుకు పోతే మనం ఇక్కడ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళమే కాదు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. పై అధికారి తప్పు మాట్లాడితే వాదించడం తేలిక. ఒక నిజం పట్టుకుని తప్పు పని చేస్తుంటే చాలా కష్టం. మీకూ ఇలాంటివి ఎదురవుతాయి. అప్పుడు ఆయన నిజాన్ని కాదనకండి, మీరు ఇంకో నిజం వెతుక్కుని రండి. ఈ ముక్క నేర్చుకోవడానికి నాకు ఆ వారం పట్టింది.

ఇంకో మాట కూడా రాయాలి. నా అనుభవంలో పుస్తకాలను పాడు చేసేవి చెదలు, వాన, పరీక్షల ముందు పేజీలు కోసే బ్లేడు, లెక్చరర్ల ఇళ్ళు. ఒక్కో మాస్టారింటికి వెళ్ళిన పుస్తకం ఆయన బదిలీ అయ్యాక అటక మీద దొరికేది. వాళ్ళ కోసం ఏనాడూ ఉత్తర్వు రాలేదు.

ఆ సాయంత్రం సువార్త కోత నుంచి నేరుగా వచ్చింది. నోటీసు చదివి, చేతులు వెనక్కి పెట్టుకుని నా ముందు నిలబడింది.

"సార్, పరీక్షకు ఎకనామిక్స్ పుస్తకం కావాలి."

"చూశావు కదమ్మా ఉత్తర్వు."

"చూశానండి. అడక్కుండా తీసుకోవచ్చన్నారు గదా మీరు."

ఆమె అరల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఏ పుస్తకాన్నీ ముట్టుకోలేదు.

ఉయ్యాలల దగ్గర

మర్నాడు సెలవు పెట్టి సైకిలు మీద వాళ్ళు కోస్తున్న చేనికి వెళ్ళాను. ఏం చేయాలో తెలిసి వెళ్ళలేదు. నల్లరేగడి చేను, ఎర్రగా పండిన కాయ. వరసల్లో ఆడవాళ్ళు వంగి కోస్తున్నారు. మరియమ్మ నన్ను చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా లైబ్రరీ సారూ, పుస్తకాలు ఇయ్యరంట గానీ కాయలు కొయ్యడానికి వచ్చారా?"

అందరూ నవ్వారు. సువార్త మాత్రం వంచిన తల ఎత్తలేదు.

"పిల్ల పుస్తకం సంగతి మాట్లాడదామని వచ్చానమ్మా. చేతుల కారమే చిక్కుగా ఉంది."

"చేతులకు కారం అంటకుండా కోసేవాళ్ళు ఎవురున్నారయ్యా? మా మొగోళ్ళు అరుగు మీద కూర్చుంటారే, ఆళ్ళకు అంటదు."

ఇంతలో చేని గట్టున పసిపిల్ల ఏడుపు. అక్కడ తుమ్మ చెట్లకు చీరలతో ఉయ్యాలలు కట్టి ఉన్నాయి. కోసేవాళ్ళలో ఒకామె లేచింది. మరియమ్మ కేకేసింది. "ఆగవే, ఆ చేతులతోనే ఎత్తుకుంటావా? పిల్ల కళ్ళు పోతాయి."

"మరి ఎవురెళతారు? నాగమ్మత్త లేదు గదా" అంది ఆమె విసుగ్గా.

ఏమిటని అడిగాను. మరియమ్మ చెప్పింది. ప్రతి ముఠాలోనూ ఒక మనిషిని ఉయ్యాలల దగ్గర ఉంచుతారు. ఆ మనిషి సీజనంతా మిరపకాయ ముట్టుకోకూడదు. అందరితోపాటు సమానంగా కూలి ఇస్తారు. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన నాగమ్మ కూతురి పురుటికని వేటపాలెం వెళ్ళింది. ఆ జాగాలోకి ఎవరూ రామంటున్నారు. పిల్లల ఏడుపుతో పడేకంటే కాయ కోసుకోవడమే నయమని అందరి మాట.

నేను సువార్త వైపు చూశాను. మరియమ్మ కూడా చూసింది. ఇద్దరం ఒకేసారి చూశామనుకుంటాను.

"నేను ఉండను పెద్దమ్మా" అంది సువార్త వెంటనే. "మీ పిల్లల ఏడుపులో ఎకనామిక్స్ ఏం బుర్రకెక్కుద్ది?"

"పుస్తకం లేకపోతే మాత్రం ఏం ఎక్కుద్దే?" అంది మరియమ్మ. "కూలి పోదు, చెయ్యి మండదు. నీకేం పొయ్యేకాలం?"

ఒక్క పుస్తకం

సువార్త చివరికి సరేనంది. ప్రిన్సిపాల్ గారికి ఈ ఏర్పాటు చెప్పాను.

"ఒక్క పుస్తకం ఇవ్వు. వారం రోజులు. తిరిగి వచ్చినప్పుడు నేనే చూస్తా. మండిందా, ఇక ఈ ఊసు ఎత్తకు."

చేతుల కారం పూర్తిగా వదిలేదాకా రెండు మూడు రోజులు ఆగి, సువార్త పుస్తకం తీసుకెళ్ళింది. తర్వాత ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఒడిలో ఒక పిల్ల, కాలి బొటనవేలికి కట్టుకున్న ఉయ్యాల తాడు, చేతిలో పుస్తకం. పాఠం పైకి చదువుతోంది. గొంతు వినపడుతుంటే పిల్లలు నిద్రపోతున్నారట. చేలోంచి మరియమ్మ అరుస్తోంది. "గట్టిగా చదవవే, మాకూ వినపడాల."

"సరుకు ఎక్కువైతే ధర పడిపోద్దంట పెద్దమ్మా."

"ఆ ముక్క మన ఆసామికి చెప్పమాక. ఇప్పటికే గుండె పట్టుకుని తిరుగుతున్నాడు."

అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుండగా వారం చివర్లో మబ్బు పట్టింది. కల్లంలో ఎండుతున్న కాయ తడిస్తే ముఠా కష్టమంతా పోతుంది. పిల్లల్ని పాకలో పడుకోబెట్టి అందరూ కల్లానికి పరిగెత్తారు. సువార్త కూడా వెళ్ళింది. ఎలా వెళ్ళకుండా ఉంటుంది? రెండు చేతులతో కాయలు కుప్పకు తోసింది. ఆ మాట మరియమ్మే నాకు కబురు చేసింది. పుస్తకం తిరిగి ఇవ్వడానికి ఇంకా రెండు రోజులు ఉంది.

గడువు రోజున సువార్త నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికే వచ్చింది. పుస్తకాన్ని శుభ్రమైన తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుంది. చేతులతో పట్టుకోలేదు. బల్ల మీదకు వంగి తువ్వాలును జారవిడిచింది. నేను విప్పాను. పేజీల మధ్య సన్నటి పుల్ల ఒకటి పైకి కనబడుతోంది.

"ఇదేంటమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"కొబ్బరి ఈనె అండి. మొన్న మబ్బు పట్టినప్పుడు కల్లంలో చెయ్యి పెట్టాల్సొచ్చింది. అప్పట్నించీ చేత్తో ముట్టుకోలేదండి. మా తమ్ముడి చేత ఉతికిన గుడ్డ మీద పెట్టించి, ఈనెను పళ్ళతో పట్టుకుని పేజీలు తిప్పాను."

"పళ్ళతోనా?"

"చేత్తో పట్టుకుంటే ఈనెకు కూడా అంటుద్ది గదండీ."

ప్రిన్సిపాల్ గారు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. కళ్ళకద్దుకునే అలవాటును వెక్కిరించే మనిషి ఆయన. పుస్తకం ఉన్నది చదవడానికయ్యా, దణ్ణం పెట్టడానికి కాదు అనేవారు. అటువంటి మనిషి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, పుస్తకం మధ్యలోకి తెరిచి, ఆ పేజీని తన కంటికి ఆనించుకున్నారు. ఒక కంటికి. ఆ తర్వాత రెండో కంటికి. ఫ్యాను తిరుగుతోంది. ఆయన కళ్ళు మూసుకుని అలాగే ఉన్నారు.

కళ్ళు తెరిచి, "ఎంతవరకు చదివావు?" అన్నారు.

"అయిపోయిందండి. ఇంకోటి కావాలి."

ఆయన నా వైపు తిరిగారు. "విన్నావుగా. ఇంకోటి ఇవ్వు." నేను తలుపు దాటుతుంటే వెనక నుంచి, "ఆ నోటీసు కూడా పీకెయ్యి" అన్నారు.

గ్లాసు

మర్నాటి నుంచి నా కౌంటరు మీద ఒక స్టీలు గ్లాసు, అందులో కడిగి ఆరబెట్టిన కొబ్బరి ఈనెలు. కోతకు వెళ్ళే ప్రతి విద్యార్థికీ పుస్తకంతోపాటు ఒక ఈనె, చుట్టుకోవడానికి ఒక పాత గుడ్డ. మా కాలేజీలో అది ఆనవాయితీ అయిపోయింది. కొందరు కుర్రాళ్ళు ఏ కోతకూ వెళ్ళకుండానే ఈనె పట్టుకెళ్ళి పళ్ళు కుట్టుకునేవాళ్ళు. అది వేరే సంగతి.

సువార్త ఆ ఏడాది పరీక్ష గట్టెక్కింది. పై చదువులూ చదివి ఒంగోలు వైపు హైస్కూల్లో టీచరైంది. నాగమ్మ తిరిగి వచ్చాక కూడా పిల్లలు ఎవరైనా పుస్తకం చదివి వినిపిస్తే గాని పడుకోవడం లేదని మరియమ్మ ఫిర్యాదు. అందుకు నేనే కారణమని చాలాకాలం అంటూ వచ్చింది.

నేను రిటైరైంది ఒక ఫిబ్రవరి నెలాఖరున. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి పెద్ద చదువులు చదివింది, నెమ్మదైన మనిషి. ఆ రోజు తిరిగి వచ్చిన పుస్తకాలను నేను ఒక్కొక్కటీ తీసుకుని కళ్ళకద్దుకుని పక్కన పెడుతుంటే, చూస్తూ నిలబడింది.

"మీకు పుస్తకాలంటే ఎంత భక్తి సార్" అంది.

"భక్తి ఉందమ్మా. కానీ ఇది పరీక్ష."

అర్థం కానట్టు నవ్వి, తనూ ఒక పుస్తకం తీసుకుని నా లాగే కళ్ళకద్దుకుంది. మరుక్షణం కళ్ళు గట్టిగా మూసుకుని బల్ల పట్టుకుంది. చెంపల మీదుగా నీళ్ళు కారాయి. కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ముఖం కడుక్కుని, ఎర్రబడ్డ కళ్ళతో అడిగింది.

"ఇప్పుడు ఏం చేయాలి సార్? ఫైన్ వేయాలా?"

"వద్దు. ఆ విద్యార్థి మళ్ళీ వచ్చినప్పుడు, పుస్తకం ఎంతవరకు అయిందో అడుగు" అని, ఈనెల గ్లాసు ఆమె వైపు జరిపాను.